విప్పదగ్గ స్క్రూలు, విప్పకూడని స్క్రూలు

మూలపడిన టెలిస్కోప్‌ను ఇంట్లోనే విప్పి, తుడిచి, మళ్లీ బిగించుకోవచ్చా? చిత్తూరు, తిరుపతి జిల్లాల ఎండలోనూ వానలోనూ అలా చేసుకోవడం తప్ప వేరే దారి లేదంటోంది ఈ కథనం. అయితే ఎక్కడ ఆగాలో తెలిసి ఉండాలి.

చిత్తూరు జిల్లా దక్షిణపు అంచు దాటి తమిళనాడులో కాలుపెడితే, జవ్వాది కొండల్లో కావలూరు వస్తుంది. ఆ అడవి ఊళ్లో 1968లో మొదటిసారి ఆకాశం వైపు తిప్పిన టెలిస్కోప్ అద్దం వ్యాసం 38 సెంటీమీటర్లు. అది ఓడెక్కి వచ్చిన సరుకు కాదు, వేధశాల వాళ్లు సొంతంగా చేసుకున్నది. ఆ పనికి సారథి వైను బప్పు. తండ్రి హైదరాబాద్ నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో ఆయన చిన్ననాటి నుంచీ పరికరాల మధ్యే పెరిగారు. 1972లో జర్మనీలోని జైస్ కంపెనీ నుంచి మీటరు వ్యాసం టెలిస్కోప్ వచ్చాక కూడా ఆయన సొంత తయారీ మానలేదు. 2.34 మీటర్ల అద్దాన్ని బెంగళూరులో సానపట్టించే పని మొదలుపెట్టారు. 1982లో ఆయన కన్నుమూశారు. 1986లో ఆ టెలిస్కోప్ పని ప్రారంభించింది, దానికి ఆయన పేరే పెట్టారు. ఈ కథను స్వదేశీ విజయంగా చెప్పుకోవడం మామూలే, అది నిజం కూడా. కానీ అందులో అంతగా ఎవరూ పట్టించుకోని సంగతి ఇంకోటుంది. అంత పెద్ద అద్దం మీది అల్యూమినియం పూత కూడా కొన్నేళ్లకు మాసిపోతుంది. అప్పుడు దాన్ని చట్రంలోంచి దించి, పాత పూత కడిగేసి, గాలి తీసేసిన గదిలో కొత్త పూత వేసి, మళ్లీ ఎక్కించి, వరస సరిచూడాలి. వేధశాలలో దీన్ని ఎవరూ ప్రమాదంగా లెక్కపెట్టరు. జీతగాళ్లు చేసే మామూలు పనుల్లో అదొకటి.

ఇంట్లో ఉన్న నాలుగున్నర అంగుళాల టెలిస్కోప్ దగ్గరికి వచ్చేసరికి మన తీరు మారిపోతుంది. ముచ్చటపడి కొంటాం, నాలుగు నెలలు చంద్రుణ్ణి చూస్తాం. బొమ్మ మసకబారగానే ‘చెడిపోయింది’ అని తీర్మానించి అటక ఎక్కిస్తాం. విప్పితే ఇంకా పాడవుతుందన్న భయం ఒకవైపు, బాగుచేసే దుకాణం ఊళ్లో లేదన్న నిస్సహాయత ఇంకోవైపు. ఈ రెండూ ఒకే పొరపాటు అభిప్రాయం నుంచి పుడుతున్నాయని నా వాదన. టెలిస్కోప్ నాణ్యత గాజులో ఉంటుందని అనుకుంటాం. అందులో గాజు వంతు సగమే. మిగతా సగం ఆ గాజు ముక్కలు ఒకదానికొకటి ఏ కోణంలో, ఎంత దూరంలో కూర్చున్నాయన్న దాంట్లో ఉంది. గాజు ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. వరస మాత్రం మేడమెట్లు ఎక్కించినప్పుడల్లా, గతుకుల రోడ్డు మీద ఆటోలో తీసుకెళ్లినప్పుడల్లా తప్పుతుంది. అలా తప్పే దాన్ని ఎక్కడ వాడతామో అక్కడే సరిచేసుకోవాలి. వీణ శ్రుతి తప్పినప్పుడల్లా ఎవరూ బొబ్బిలి పంపరు కదా.

ముందు ఏది విప్పదగ్గదో చూద్దాం. ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు. ముందు భాగంలో కటకం ఉండేది ఒకటి, గొట్టం అడుగున పుటాకార అద్దం ఉండే న్యూటన్ రకం ఇంకోటి. రెండోదాన్ని విప్పడానికే తయారుచేశారా అన్నట్టు ఉంటుంది. గొట్టం, అడుగున ప్రధాన అద్దం, పైన సన్నని రేకుల మీద వేలాడే చిన్న ఏటవాలు అద్దం, పక్కన ఐపీస్ పట్టుకునే ఫోకసర్. అంతే, లోపల రహస్యమేమీ లేదు. ప్రధాన అద్దం వెనక మూడు సర్దుబాటు స్క్రూలు, వాటి పక్కనే మూడు బిగింపు స్క్రూలు ఉంటాయి. తయారీదారే వాటిని చేతికి అందేలా పెట్టాడంటే, తిప్పుకోమనే కదా అర్థం. పైగా ఇది మొదటి నుంచీ ఇంటి పనివాళ్ల యంత్రం. 1781 మార్చిలో ఇంగ్లండులోని బాత్ పట్నంలో విలియం హెర్షెల్ అనే సంగీతకారుడు తన తోటలోంచి యురేనస్‌ను కనిపెట్టింది స్వయంగా నూరుకున్న ఆరంగుళాల పైచిలుకు అద్దంతోనే. ఆ రోజుల్లో అద్దాలు లోహానివి, ఊరికే నల్లబడేవి. 1789లో ఆయన పూర్తిచేసిన 40 అడుగుల టెలిస్కోప్‌కు రెండు ప్రధాన అద్దాలుండేవి. ఒకటి మెరుగుకు దిగితే రెండోది పనిచేయాలి. అంటే మరమ్మతును లెక్కలో పెట్టుకునే యంత్రాన్ని కట్టారన్నమాట. అదే యురేనస్ చుట్టూ వలయాలున్నట్టు 1977 మార్చిలో తేలింది. ఆ రాత్రి ఆధారాలు చిక్కిన టెలిస్కోపుల్లో కావలూరు మీటరు టెలిస్కోప్ ఒకటి.

మన ప్రాంతంలో టెలిస్కోప్‌ను పాడుచేసేది వాడకం కన్నా నిల్వే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమ, ఆ తర్వాత మే నెల ఎండ. స్పాంజి పరిచిన పెట్టెలో భద్రంగా దాచామనుకుంటాం, ఆ స్పాంజే తేమను పట్టుకుని కూర్చుంటుంది. గాజు మీద సాలెగూడు లాంటి బూజు మొలిచేది అక్కడే. అది ఊరికే అంటుకుని ఉండదు, వదిలే ఆమ్లంతో పూతనూ ఆఖరికి గాజునూ తింటుంది. మూత పెట్టని గొట్టంలో కందిరీగ మట్టిగూడు కడుతుంది, బల్లి గుడ్లు పెడుతుంది. ఫోకసర్‌లోని గ్రీజు గట్టిపడి జిగురవుతుంది. దీన్నే చాలామంది ‘గేరు అరిగిపోయింది’ అనుకుంటారు. కొంచెం కిరసనాయిలుతో పాత గ్రీజు తుడిచి, తెల్ల లిథియం గ్రీజు పల్చగా రాస్తే గేరు మళ్లీ తిరుగుతుంది. తుడిచేటప్పుడు అద్దాలు పక్క గదిలో ఉండాలి. వానలకు ముందే గొట్టానికి మూతపెట్టి, పక్కన సిలికా జెల్ పొట్లాలు ఉంచి, నెలకోసారి గాలి తగిలేలా తీస్తే ఇందులో సగం బెడద రాదు.

అసలు భయం అద్దం కడగడం గురించే. ఆ భయంలో న్యాయం లేకపోలేదు. పూత మందం ఓ వంద నానోమీటర్లు, ఒక్క ఇసుక రేణువును గుడ్డతో రుద్దితే గీత పడుతుంది. కానీ లెక్క చూడండి. 114 మిల్లీమీటర్ల అద్దం వైశాల్యం సుమారు 102 చదరపు సెంటీమీటర్లు. ఒక చదరపు సెంటీమీటరు మేర బూజు మచ్చ ఉంటే పోయే వెలుగు నూటికి ఒక వంతు. దాన్ని ఏ కన్నూ పసిగట్టలేదు. కాబట్టి మొదటి నియమం: దుమ్ము కనిపించిన ప్రతిసారీ కడగొద్దు. టార్చి వేసి చూస్తే ఏ అద్దమైనా మురికిగానే కనిపిస్తుంది, ఆ పరీక్ష మానేయాలి. మరీ పొర కట్టినప్పుడు మాత్రం అద్దాన్ని దాని గిన్నెలోంచి తీసి, ముందు ధారగా నీళ్లు పోసి రేణువులు కొట్టుకుపోనివ్వాలి. తర్వాత ఒక చుక్క మెత్తని డిటర్జెంట్ కలిపిన నీళ్లలో ముంచిన దూదిని దాని బరువుతోనే ఒక్కసారి లాగి ఆ దూది పారేయాలి. ఆఖరి కడుగుడు దగ్గర రాయలసీమ వాళ్లు ఒక జాగ్రత్త తీసుకోవాలి. బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ, ఆరితే తెల్లటి చారలు మిగుల్తాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చుకుంటే ఆ గొడవ ఉండదు. తర్వాత నిలబెట్టి ఆరనివ్వడమే, తుడవడం లేదు. ఇదంతా నేల మీద బొంత పరిచి, దాని మీద చేయాలి. చేయి జారడం ఎవరికైనా జరుగుతుంది.

బిగించేటప్పుడు జరిగే తప్పులే విప్పేటప్పటి కన్నా ఎక్కువ. అద్దాన్ని పట్టుకునే మూడు కొక్కేలను ‘కదలకూడదు’ అని గట్టిగా బిగిస్తారు. మంచి అద్దపు ఉపరితలం ఉండాల్సిన వంపు నుంచి 70 నానోమీటర్లకు మించి తప్పకూడదు, అంటే సుమారు తల వెంట్రుక మందంలో వెయ్యో వంతు. చేత్తో తాకి, నీళ్లతో కడిగి ఎవరూ ఆ వంపును మార్చలేరు, గాజు గాజే. కొక్కెం నొక్కు మాత్రం దాన్ని వంచేస్తుంది. నక్షత్రం చుక్కలా కాక మూడు మూలలుగా కనిపిస్తే అద్దం నాసిరకం అనుకోకండి, కొక్కేలు వదులు చేయండి. కొక్కేనికీ అద్దానికీ మధ్య ఒక కాగితం దూరేంత సందు ఉండాలి. తర్వాతిది వరస కుదర్చడం, దీన్నే కొలిమేషన్ అంటారు. ప్రధాన అద్దం సరిగ్గా నడిమధ్యన చిన్న కాగితపు రింగు అంటిస్తే సగం పని అయినట్టే. ఆ నడిమి భాగం ఎలాగూ చిన్న అద్దం నీడలో ఉంటుంది కనుక వెలుగు నష్టమేమీ లేదు. ఫోకసర్‌కు నడిమధ్య చిల్లు పెట్టిన మూత తొడిగి, అందులోంచి చూస్తూ, ముందు చిన్న అద్దాన్ని సరిచేయాలి. ప్రధాన అద్దం గుండ్రంగా దాని మధ్యలో కనిపించాలి. తర్వాత వెనక స్క్రూలు తిప్పుతూ చిల్లు ప్రతిబింబాన్ని రింగు మధ్యకు తేవాలి. ఒకరు చూస్తూ చెబితే ఇంకొకరు తిప్పడం సులువు. బిగింపు స్క్రూలు ఆఖర్న బిగించగానే వరస మళ్లీ కొంచెం జరుగుతుంది. దానికి విసుక్కోకుండా ఇంకోసారి చూసుకోవాలి. ఆఖరి తీర్పు నక్షత్రానిది. ఫోకస్ కాస్త తప్పించి చూస్తే వలయాలు ఒకదానిలో ఒకటి నడిమధ్యన కుదరాలి, ఒకవైపు ఒరిగితే పని ఇంకా మిగిలి ఉంది.

‘ఇంత సున్నితమైన వరసను నిపుణులకు వదిలేయడం మంచిది కాదా?’ అని అడగొచ్చు. నిపుణుల వల్ల జరిగిన అతి ఖరీదైన వరస తప్పు హబుల్ టెలిస్కోప్‌లో ఉంది. 1990 ఏప్రిల్‌లో దాన్ని అంతరిక్షంలోకి పంపాక బొమ్మలు మసకగా వచ్చాయి. అద్దం అంచు దగ్గర రెండు మైక్రాన్ల పైచిలుకు ఎక్కువ చదునుగా ఉంది. కారణం వెతికితే, అద్దాన్ని పరీక్షించే పరికరంలోనే ఒక కటకం 1.3 మిల్లీమీటర్లు జరిగి కూర్చుందని తేలింది. మరో రెండు మామూలు పరీక్షలు తేడా చూపించినా, మొదటి పరికరం మీది నమ్మకంతో వాటిని తోసిపుచ్చారు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి దిద్దుబాటు అద్దాలు అమర్చేదాకా అది కళ్లజోడు లేని చూపే. దీన్నిబట్టి నిపుణులు వద్దని ఎవరూ అనరు. ఎవరు బిగించినా ఆఖరి పరీక్ష నక్షత్రం ముందే జరగాలన్నది తెలుస్తుంది. ఆ పరీక్ష మీ మేడ మీదే సాధ్యం, కొరియర్ ఆఫీసులో కాదు. ఎక్కడో బాగుచేయించి పార్సిల్లో తెప్పించినా, దారి కుదుపులకు తప్పిన వరసను మీరే సరిచేసుకోవాలి. పూత పూర్తిగా పోయిన అద్దానికి కూడా ఇదే వర్తిస్తుంది. గాలి తీసిన గదిలో అల్యూమినియం ఆవిరి పట్టించడం ఇంట్లో అయ్యే పని కాదు, దాన్ని పంపించాల్సిందే. తిరిగొచ్చిన అద్దాన్ని ఎక్కించేది మాత్రం ఇంటివాళ్లే.

ఇక ఆగాల్సిన చోటు. ముందు కటకం ఉన్న టెలిస్కోప్‌లో ఆ కటకం ఒకటి కాదు, వేర్వేరు గాజులతో చేసిన రెండు. వాటి ముందువెనకలు, మధ్య సందు, ఒకదానికొకటి తిరిగి ఉన్న కోణం అన్నీ కర్మాగారంలో కుదిర్చినవి. బయటి ముఖాన్ని తుడుచుకోండి, అంతవరకే. రెండు గాజుల మధ్య బూజు పట్టి, తీయక తప్పదనుకుంటే, ముందు వాటి అంచు మీద రెండింటికీ కలిపి పెన్సిల్‌తో బాణం గుర్తు గీసి, సందులో పెట్టిన రేకు ముక్కలు ఎక్కడివక్కడ ఉంచి తీయాలి. అతికించిన జంట అయితే అసలు ముట్టుకోకూడదు. బైనాక్యులర్లలోని పట్టకాలకూ ఇదే మాట. అద్దాల రకంలోనూ ఒక మోసం ఉంది. గొట్టం పొట్టిగా ఉండి, మీద 1000 మిల్లీమీటర్ల నాభ్యంతరం అని రాసి ఉంటే, ఫోకసర్ లోపల మరో కటకం దాగి ఉంటుంది. ఇందాక చెప్పిన పద్ధతిలో అది వరస కుదరనివ్వదు, ముందు ఆ కటకాన్ని విప్పి పక్కన పెట్టి, సరిచేశాక మళ్లీ పెట్టాలి. ఇలాంటి వాటితో తంటాలు పడేకన్నా కొత్తది కొనడం మేలు కాదా అంటే, కొన్నిసార్లు మేలే. కొత్తదానికి గ్యారంటీ ఉన్నంతకాలం విప్పొద్దు కూడా. కాకపోతే ఆ కొత్తదీ రెండు వానాకాలాల తర్వాత ఇక్కడికే వస్తుంది. పాతదాన్ని విప్పడం తెలిసినవాళ్ల చేతిలో కొత్తది ఎక్కువ కాలం బతుకుతుంది.

మళ్లీ బిగించేటప్పుడు అన్నీ పెట్టెలో వచ్చినట్టే బిగించనక్కర్లేదు. ముఖ్యంగా స్టాండు. చాలా టెలిస్కోపులు భూమధ్యరేఖా పద్ధతి స్టాండుతో వస్తాయి. దాని ఇరుసును ధ్రువ నక్షత్రం వైపు ఎక్కుపెట్టాలి. ఐరోపా, అమెరికా ఊళ్లకు సరిపోయే ఆ ఏర్పాటు తిరుపతిలో కుంటుపడుతుంది. మన అక్షాంశం 13.6 డిగ్రీలు, ధ్రువ నక్షత్రం ఉత్తర దిక్కున అంతే ఎత్తులో ఉంటుంది. లండన్‌లో 51 డిగ్రీలు. చవకరకం స్టాండ్లు అంత కిందికి వంగవు, వంగితే బరువు కడ్డీ వెళ్లి ముక్కాలిపీట కాలికి కొట్టుకుంటుంది. పైగా తిరుపతి ఉత్తరాన శేషాచలం గోడ ఉంది. మూడు కిలోమీటర్ల దూరంలో 700 మీటర్ల ఎత్తు అంటే దాదాపు 13 డిగ్రీలు. అలిపిరి, కపిలతీర్థం వైపు వీధుల్లో కొండ అంచు ధ్రువ నక్షత్రంతో దాగుడుమూతలాడుతుంది. దానికి జవాబు ఇక్కడి వడ్రంగి దగ్గరుంది. అమెరికాలో జాన్ డాబ్సన్ ప్రచారంలోకి తెచ్చిన చెక్కపెట్టె స్టాండు అడ్డంగా, నిలువుగా మాత్రమే తిరుగుతుంది, అంతకుమించి ఏమీ అడగదు. ప్లైవుడ్ పలకలు, మధ్యలో ఒక బోల్టు, జారడానికి సన్‌మైకా మీద టెఫ్లాన్ ముక్కలు. లేత్ వర్క్‌షాపు ఉన్న ప్రతి ఊళ్లోనూ అది అయ్యే పని. అసలు అద్దాన్నే నూరాలన్న కోరిక పుడితే, అందుకు వాడే కార్బొరండం పొడి, ముతక నుంచి సన్నానికి దిగే వరస, చివరి మెరుగు కుప్పం చుట్టుపక్కల గ్రానైట్ యూనిట్లలో పనిచేసే వాళ్లకు కొత్తేమీ కాదు.

‘ఫోన్‌లోనే శని వలయాలు కనిపిస్తున్నప్పుడు ఇంత శ్రమ ఎందుకు?’ అన్న ప్రశ్న మిగిలింది. ఊరి దీపాలకు నక్షత్రాలు మాయమవుతున్నాయన్న ఫిర్యాదు కూడా. రెండోదానికి సమాధానం సూటిగా ఉంది. చంద్రుడు, గురువు, శని, జంట నక్షత్రాలు వీధి దీపాలకు బెదరవు. నెబ్యులాలకు మాత్రం హార్స్‌లీ హిల్స్ దాకానో, మామిడితోటల మధ్యకో పోవాలి. మొదటిదానికి నా జవాబు వేరు. తిరుపతి–చిత్తూరు దారిలో ఉన్న గాదంకి జాతీయ వాతావరణ పరిశోధనశాలలో 1998లో నెలకొల్పిన లైడార్ ఆకాశంలోకి లేజర్ పంపి, పదుల కిలోమీటర్ల ఎత్తు నుంచి తిరిగొచ్చే పలచని వెలుగును టెలిస్కోపులతో పట్టుకుంటుంది. లేజరూ టెలిస్కోపూ ఒకే చోటు చూడకపోతే అందులో ఏమీ పడదు. శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. అక్కడి నుంచి 2015 సెప్టెంబరు 28న వెళ్లిన ఆస్ట్రోశాట్‌లో 38 సెంటీమీటర్లకు కాస్త తక్కువ వ్యాసమున్న జంట టెలిస్కోపులున్నాయి. కావలూరు తొలి అద్దం కొలత ఇంచుమించు అదే. రాకెట్ కుదుపుల తర్వాత కూడా వాటి వరస నిలవాలి, స్క్రూడ్రైవర్ పట్టుకుని వెళ్లేవాళ్లుండరు. ఈ ప్రాంతంలో జరుగుతున్న పెద్ద విజ్ఞానమంతా వరస కుదర్చడం మీదే నడుస్తోందని చెప్పడానికి ఇంతకన్నా ఆధారాలు అక్కర్లేదు. ఆ పని చేతులతో నేర్చుకునే అతి చవక సాధనం పాఠశాల ల్యాబులో బీరువా వెనక ఉంటే, ఫోన్ బొమ్మ దానికి ప్రత్యామ్నాయం కాదు. అలిపిరి దగ్గరి ప్రాంతీయ సైన్స్ సెంటర్ లాంటి చోట ఏడాదికి ఒకటి రెండు ఆదివారాలు మరమ్మతు బల్ల వేసి, ఎవరి టెలిస్కోప్ వాళ్లు తెచ్చుకుని విప్పేలా చేస్తే, దానికయ్యే ఖర్చు ఒక టార్పాలిన్, కొన్ని అలెన్ కీలు. పిల్లలుంటే ముందే చెప్పాల్సింది ఒకటుంది. పాత పెట్టెల్లో ఐపీస్‌కు బిగించే ‘సన్’ అని రాసిన నల్ల గాజు బిళ్ల కనిపిస్తే పగలగొట్టి పారేయాలి. వేడికి అది పిట్లుతుంది, ఆ క్షణంలో కన్ను పోతుంది. వరస పరీక్ష పగటిపూట చేయాల్సివస్తే దూరపు సెల్ టవర్ చాలు, సూర్యుడి దరిదాపులకు గొట్టం పోకూడదు.

నక్షత్ర పరీక్షకు పాశ్చాత్య పుస్తకాలు ధ్రువ నక్షత్రాన్నే సూచిస్తాయి, కదలదు కనుక. మనకది పనికిరాదు. అంత కిందున్న నక్షత్రపు వెలుగు నడినెత్తిన ఉన్నదానికన్నా నాలుగు రెట్ల పైచిలుకు గాలి దాటి వస్తుంది, వలయాలు మరుగుతున్న నీళ్లలా ఊగుతాయి. మే నెల మధ్యలో రాత్రి పది గంటల ప్రాంతంలో చిత్త నక్షత్రం దక్షిణ దిక్కున 65 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. వంద రెట్లు పెద్దదిగా చూపే ఐపీస్‌లో అది ఈ అంచు నుంచి ఆ అంచుకు పోవడానికి దాదాపు రెండు నిమిషాలు పడుతుంది. ఒక స్క్రూ తిప్పి, గొట్టం మళ్లీ గురిపెట్టుకోవడానికి అది చాలినంత సమయం. వలయాలు కుదిరాక చెక్కపెట్టె స్టాండును పక్కకు తిప్పకుండా గొట్టాన్ని మాత్రం 36 డిగ్రీలు కిందికి దించండి. చిత్తకు సరిగ్గా దిగువనే, 29 డిగ్రీల ఎత్తులో, ఒమేగా సెంటారి అనే నక్షత్ర గుచ్ఛం ఉంటుంది. లండన్ నుంచి అది ఎన్నడూ కనిపించదు. దక్షిణాకాశం కూడా అందుతుందనే కావలూరు లాంటి తక్కువ అక్షాంశపు చోటును ఎంచుకున్నారు. ముందు అది మసక ముద్దలా ఉంటుంది. వరస సరిగ్గా ఉన్న 114 మిల్లీమీటర్ల అద్దంలో దాని అంచులు విడి చుక్కలుగా విడిపోవడం మొదలవుతుంది.